పేకముక్కలు పట్టుకున్న పాపానికి!

1974 నవంబర్ 21, గురువారం. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ స్టేషన్. రాత్రి 7.55కి బండి కదిలింది. ఎక్కించడానికి వచ్చిన హ్యూ కాలహన్ వెనుదిరిగాడు. బండిలో ఉన్నవాళ్లు అయిదుగురు: ప్యాడీ హిల్, గెర్రీ హంటర్, బిల్లీ పవర్, రిచర్డ్ మెకిల్‌కెన్నీ, జానీ వాకర్. అందరూ పొట్ట చేతపట్టుకుని ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లే. హిల్ చేతిలో టికెట్ డబ్బులు కూడా లేక కాన్వెంట్ నన్స్ దగ్గర అప్పు చేశాడు.

బెల్‌ఫాస్ట్‌లో చావు. పోయినవాడు జేమ్స్ మెక్‌డేడ్, బ్రిటన్ పాలనపై పోరాడే సాయుధ సంస్థ ఐఆర్‌ఏ మనిషి. వారం కిందట కొవెంట్రీ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ దగ్గర బాంబు పెడుతూ తానే పేలిపోయాడు. చేసింది తప్పే. అయినా ఎరిగిన కుటుంబం, వెళ్లి పలకరించాలి కదా!

బండిలో పేక తీశారు. ముక్కలు పంచుకున్నారు.

8.17కి రోటుండా భవనం కింద మల్బరీ బుష్ పబ్‌లో బాంబు పేలింది. పది నిమిషాలకు టావెర్న్ ఇన్ ద టౌన్‌లో మరొకటి. 21 మంది చనిపోయారు, 182 మంది గాయపడ్డారు. మృతుల్లో ఐరిష్ దంపతుల కొడుకులైన అన్నదమ్ములు ఇద్దరున్నారు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అనుమానం ఐఆర్‌ఏ మీద పడింది. తెల్లారేసరికి ఊరు మారిపోయింది. లాంగ్‌బ్రిడ్జ్ కార్ల ఫ్యాక్టరీలో కార్మికులు పని ఆపేసి బయటికొచ్చారు. ఐరిష్ వాళ్ల పబ్బుల మీద, క్లబ్బుల మీద దాడులు జరిగాయి. యాస బయటపడుతుందని దుకాణాల్లో నోరు విప్పడానికే ఆడవాళ్లు జంకారు. ఐరిష్ వాడంటే తాగుబోతు, మందబుద్ధి, గొడవలమారి అన్న మాట ఇంగ్లండ్‌లో పాతదే. ఇప్పుడు దానికి ‘హంతకుడు’ తోడైంది.

ఆ అయిదుగురినీ అప్పటికే, బెల్‌ఫాస్ట్ ఓడ ఎక్కే హీషమ్ ఓడరేవులో పోలీసులు ఆపేశారు. ఎక్కడికి అంటే చావు సంగతి చెప్పకుండా, చుట్టాలను చూడ్డానికి అన్నారు. భయంతో దాచిన ఆ మాటే మెడకు చుట్టుకుంది. మోర్కాంబ్ స్టేషన్‌లో చేతులు తుడిచి రసాయన పరీక్ష చేశారు. హిల్, పవర్ పేలుడు పదార్థం పట్టుకున్నారని 99 శాతం ఖాయమన్నాడు నిపుణుడు. పేకముక్కల పైపూతలో ఉండే నైట్రోసెల్యులోజ్‌కీ ఆ పరీక్ష అదే ఫలితం చూపిస్తుందని లోకానికి తెలిసేసరికి ఏళ్లు గడిచిపోయాయి.

మర్నాడు రాత్రి కాలహన్‌నీ పట్టుకొచ్చారు. కొట్టారు, నిద్రపోనివ్వలేదు, కుక్కల్ని ఉసిగొల్పారు. నేరం ఒప్పుకున్నట్టు రాసిన కాగితాల మీద నలుగురు సంతకాలు పెట్టేశారు. హిల్, హంటర్ చివరిదాకా పెట్టలేదు. 1975 ఆగస్టులో ఆరుగురికీ యావజ్జీవం పడింది.

ఈలోగా 1974 నవంబర్ 29నే ఉగ్రవాద నిరోధక చట్టం వచ్చేసింది. అభియోగం లేకుండా ఏడు రోజులు నిర్బంధించవచ్చు. తర్వాతి ఏళ్లలో వేలమంది ఐరిష్ వాళ్లను పట్టుకెళ్లారు. అత్యధికుల మీద ఏ కేసూ నిలవలేదు.

పోలీసులు కొట్టారంటూ ఆరుగురూ వేసిన దావాను 1980లో అప్పీలు కోర్టు న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ కొట్టేశారు. వీళ్లు గెలిస్తే పోలీసులు అబద్ధాలాడారని, హింసించారని ఒప్పుకోవాల్సి వస్తుందట. అంత ఘోరాన్ని ఊహించలేం కాబట్టి కేసు ముందుకు సాగకూడదట! న్యాయం కన్నా పరువే ముఖ్యమని ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు?

క్రిస్ ముల్లిన్ అనే పాత్రికేయుడు మాత్రం వదల్లేదు. 1985లో గ్రనాడా టీవీ ఆ పరీక్షల బండారం బయటపెట్టింది. 1988లో అప్పీలు మళ్లీ వీగిపోయింది. చివరికి 1991 మార్చి 14న శిక్షలు రద్దయ్యాయి. పదహారేళ్ల తర్వాత ఆరుగురూ బయటికొచ్చారు.

బాంబుల తర్వాత ఆగిపోయిన ఐరిష్ వాళ్ల సెయింట్ ప్యాట్రిక్ ఊరేగింపు బర్మింగ్‌హామ్‌లో మళ్లీ వీధుల్లోకి రావడానికి 1996 దాకా పట్టింది. కాలహన్ 2023లో, హిల్ 2024లో కన్నుమూశారు. పరీక్ష చేసిన నిపుణుడికి గానీ, కొట్టిన పోలీసులకు గానీ శిక్ష పడలేదు. ఆ 21 మందినీ చంపిన అసలు దోషుల్లో ఒక్కరికీ నేటికీ శిక్ష పడలేదు.