నల్లగొండ సీమలో మంచినీటి చరిత్ర

హైదరాబాదు శివారున క్రొత్తగా కాపురము పెట్టిన మా మేనకోడలు గడచిన వేసవిలో మాయింటికి వచ్చి, తమ బోరునీటిలో పప్పుడుకదనియు, సబ్బు నురుగు రాదనియు, నల్లాలకు తెల్లని పొలుసు పట్టుచున్నదనియు వాపోయినది. "మీ నల్లగొండ నీళ్లే నయము మామయ్యా" అని ముగించినది. ఈ సీమ నీటికి అట్టి ప్రశంస కలుగుట విని నాకు నవ్వును, దుఃఖమును ఒక్కసారే కలిగినవి.

కందిపప్పు మెత్తబడుట, సబ్బు నురుగుట, నాలుకకు చవి తగులుట, ఈ మూడే తరతరములుగా మన యిండ్లలో నీటికి పరీక్షలు. ఇవి వట్టి మూఢవిశ్వాసములు కావు. వాననీరు రాతిపొరలలోనికి దిగునపుడు కాల్షియము, మెగ్నీషియము మున్నగువాని లవణములను కరగించుకొనును. అవి పప్పును బిగబట్టును. సబ్బుతో గలసి నురుగుకు మారుగా తెట్టు కట్టును. నీరు కాచినపుడు పాత్ర యడుగున పొలుసై నిలుచును. ఇదియే నీటి కాఠిన్యము. భారతీయ ప్రమాణముల ప్రకారము లీటరునకు 200 మిల్లీగ్రాములవరకు కాఠిన్యము అంగీకార్యము. వేరు నీరు దొరకనిచోట 600వరకు సహింపవచ్చును. కఠినజలము వంటకు చిక్కు, చాకిరేవునకు చిక్కు. ప్రాణమునకు అంత చిక్కు కాదు.

మా సీమలో మనుష్యుల ఎముకలను వంచిన నీరు వేరు. అది పై మూడు పరీక్షలలోను తరచుగా నెగ్గిన నీరే.

నల్లగొండ గ్రానైటు రాతినేల. ఆ రాతి ఖనిజములలో ఫ్లోరిను ఇమిడియున్నది. నీటిలో కాల్షియము మెండుగా నున్నచో ఫ్లోరైడు దానితో గూడి, కరగని పదార్థమై చాలవరకు విడిపోవును. కాల్షియము తక్కువై సోడా గుణము హెచ్చిన నీటిలో అది నిరాటంకముగా కరగి నిలుచును. సోడా గుణముగల నీటిలో పప్పు త్వరగా నుడుకునని గృహిణులకు నేను చెప్పనక్కరలేదు. బావులన్నియు నిట్లే యని కాదు. కాఠిన్యమును ఫ్లోరైడును కూడియున్న బావులును గలవు. కాని పప్పు చక్కగా నుడికించు నీటనే విషముండుట మాకు అపూర్వము కాదు. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినచో పోదు సరికదా, నీరు ఆవిరియైనకొలది మిగిలినదానిలో చిక్కబడును. లీటరునకు 1 మిల్లీగ్రాము లోపల నుండుట మేలు, 1.5 మించరాదు.

పండ్లపై మచ్చలకు నీరే కారణమని నిరూపించుటకు పాశ్చాత్యులకును చాలకాలము పట్టినది. ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు 1901లో అమెరికాలోని కొలరాడోకు పోయి, అచటి రోగుల గోధుమవన్నె పండ్లను జూచి ముప్పదియేండ్లు కారణమును వెదకెను. తుదకు 1931లో చర్చిల్ అను రసాయనవేత్త ఆ పదార్థము ఫ్లోరైడని తేల్చెను. తెలుగునేలపై ఈ రోగమును మొదట వర్ణించినవారు షార్టు మొదలగు వైద్యులు. 1937లో వారు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెజనులను పరీక్షించి దానిని ప్రకటించిరి. మా వంతు 1955లో వచ్చినది. ఆ యేడు సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిసు రోగమును గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలున వ్రాసెను. అప్పటికి హైదరాబాదు రాష్ట్రమింకను నిలిచియున్నది. పల్లెలలో బోరుబావుల కాలము రాలేదు. కావున చేదబావుల నాడే ఈ రోగమున్నదని ఒప్పుకొనవలెను. వెన్నెముక కొయ్యబారి నడుము వంగిన మనిషిని జూచి, పూర్వకర్మమని సరిపెట్టుకొనిన తరములెన్నియో!

చేతిపంపులు సదుద్దేశముతోనే వచ్చినవి. దిగుడుబావినీటి వలన నారికురుపు, మురికినీటి వలన కలరా ప్రబలుచున్న దినములవి. 1960ల చివర కరవులు వచ్చినపుడు రాతిని తొలుచు యంత్రములతో లోతైన బోర్లు వేయుట మొదలైనది. నారికురుపు దేశమునుండి తొలగినట్లు 2000లో ధ్రువపరుపబడినది. ఆ మేలు చిన్నది కాదు. కాని లోతురాతి నీటిలో ఫ్లోరైడును కొలిచి చూచుట ఆనాడు ముఖ్యమనిపింపలేదు.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను శాస్త్రవేత్తలు ఈ సీమ యువకులలో మోకాళ్లు లోపలికి ఒరసుకొనిపోవు వికారమును లాన్సెట్ పత్రికలో వర్ణించిరి. నాగార్జునసాగర్ జలాశయపు ఊటవలన చుట్టుపట్ల నేల మారి, జొన్నలలో మాలిబ్డినము పెరిగి, శరీరములోని రాగిని హరించుచున్నదని ఒక అనుమానము బయలుదేరినది. ఆనకట్ట నీరు అందని రైతునకు దాని ఊట మాత్రము అందుట ఎట్టి విపరీతము!

సుశ్రుతుడు కలకనీటిని తేర్చుటకు చిల్లగింజను చెప్పినాడు. పటిక త్రిప్పుట మన ముత్తవ్వలకును తెలియును. 1970లలో నాగపురమందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు ఆ పటికకే సున్నమును, బ్లీచింగు పొడిని జతచేసి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని కనిపెట్టి, దానికి మా జిల్లా పేరు పెట్టిరి. నీటి గుణమునుబట్టి పటికను, దానిలో ఇరువదవ వంతుమాత్రము సున్నమును వేసి, పదినిమిషములు కలిపి, గంటసేపు తేరనిచ్చి, అడుగునకు కొంచెము పైనున్న కుళాయినుండి నీరు పట్టుకొనవలెను. టాంజానియా దేశములో సైతము ఈ నల్లగొండ పద్ధతిని వాడి చూచిరి. పొలము పనికి పోవు ఇల్లాలు నిత్యము కొలిచి, కలిపి, మడ్డి పారబోయుట సాగలేదు. సాగలేదని ఆమెను నిందించుట నాకిష్టము లేదు.

కృష్ణ మా జిల్లా దక్షిణపు టెల్లననే పారుచున్నది. సాగరు కాలువలకు 1967లో నీరు విడిచిరి. పల్లమున మిర్యాలగూడ వరిచేలు పచ్చబడెను, పడమటి మెట్టలైన మునుగోడు, మర్రిగూడ ఎండియే యుండెను. 1996 లోక్‌సభ ఎన్నికలలో జలసాధన సమితి పిలుపున నల్లగొండ స్థానమునకు 480 మంది పోటీచేసిరి. బ్యాలెటు పుస్తకమంత యయినది, పోలింగు వాయిదాపడినది. దేశము ఆ వింతను జూచి నవ్వినది. పుట్టంగండి వద్ద ఎత్తిన కృష్ణనీరు 2004 నుండి మా జిల్లా మీదుగా గొట్టములలో హైదరాబాదునకు పోవుచున్నది.

ఉపాధ్యాయవృత్తి తొలినాళ్లలో నేను ఆ మెట్టలలోని యొక బడిలో పనిచేసితిని. పిల్లలు నవ్వునపుడు అరచేతితో నోరు మూసికొనెడివారు. మొదట వినయమనుకొంటిని. కట్నము కుదిరిన పిదప గూడ పెండ్లికూతురి పండ్లను జూచి సంబంధము విడిచిపోయిన సందర్భములను ఎరుగుదును.

2015లో చౌటుప్పలున మిషన్ భగీరథకు పైలాను నిలిచినది. 2020 నాటికి ఫ్లోరైడు నీరు త్రాగు ఊరు రాష్ట్రమున లేదని ప్రభుత్వము ప్రకటించినది. గత సంవత్సరము నేను ఆ పల్లెకు మరల పోయితిని. చిన్న తరగతుల పిల్లలు నోరు మూసికొనకయే నవ్విరి. నా పూర్వశిష్యుని యింట అరుగుమీద కూర్చున్న వృద్ధుడు మెడ త్రిప్పలేక దేహమంతయు త్రిప్పి నన్ను పలుకరించెను. వంటయింట రెండు బిందెలుండెను. ఒకటి నల్లానీరు, రెండవది బోరునీరు. రెండవది దేనికని యడిగితిని.

"నల్లానీళ్లల్ల పప్పు జల్ది ఉడకదు సారూ" అని ఇల్లాలు చెప్పినది.

పప్పులోనికి పోయిన నీరును కడుపులోనికే పోవుననియు, ఆ బిందెను గిన్నెలు తోముటకు వాడుకొమ్మనియు చెప్పితిని. ఆమె తలయూపి, పొయ్యిమీది గిన్నెవంక చూచినది.