కప్పబడిన శిశువులు

చిత్రపటమును చరిత్రకు సాక్షిగా గొనువారు అది యేమి చూపుచున్నదో మొదట చూడవలెను. ఏమి దాచుచున్నదో పిమ్మట విచారింపవలెను. ఈ రెండవ పని యెంత యవసరమో నెదర్లాండ్సు దేశపు చిత్రకారుడగు పీటర్ బ్రూగెల్ 1565-67 ప్రాంతమున రచించిన శిశువధ చిత్రము తెలుపుచున్నది. అది యిప్పుడు ఇంగ్లండు రాజవంశీయుల చిత్రసంచయమున నున్నది.

కథ మత్తయి సువార్తలోనిది. యూదులకు రాజు పుట్టెనని విని హేరోదు కలతచెంది, బేత్లెహేములోను దాని ప్రాంతములలోను రెండేండ్లకు లోబడిన మగశిశువుల నందరిని చంపించెను. కంసుని కథ యెరిగిన మన పాఠకులకు ఈ భయము క్రొత్తది కాదు. అయితే బ్రూగెల్ పటమున యూదయ దేశము కానరాదు. మంచు కప్పిన నెదర్లాండ్సు పల్లె, తలుపులు పగులగొట్టు భటులు, వెనుక ఈటెలు నిలిపి కదలక నిలిచిన ఆశ్వికదళము: ఇవియే కన్పట్టును. పూర్వకథను చిత్రకారుడు తన వీథిలోనికే తెచ్చెను.

అప్పుడు ఆ దేశమును స్పెయిను రాజగు రెండవ ఫిలిప్పు ఏలుచుండెను. ప్రొటెస్టంటు మతము నవలంబించినవారిని దండించు శాసనములు మిక్కిలి కఠినములై యుండెను. పటములోని దళనాయకుడు ఆల్బా ప్రభువే యని కొందరందురు. ఆల్బా సేనతో నచటికి వచ్చినది 1567 ఆగస్టులో. పటము అంతకు ముందే ముగిసి యుండవచ్చును. కావున ఆ పోలికను మేము నమ్మజాలము. ఒక్కని నిందించుటకంటె, ఆజ్ఞ యైనదని చేయి యెత్తు గుంపును చూపుటయే చిత్రకారుని యుద్దేశమని మాకు తోచుచున్నది.

ఇక దాచిన సంగతి. కొంతకాలమునకు ఈ పటము చక్రవర్తి రెండవ రుడాల్ఫు వశమయ్యెను. అతని యాజ్ఞచే శిశువుల రూపములపై రంగు పూసి, వాని స్థానమున పశుపక్ష్యాదులను, మూటలను, తినుబండములను వ్రాసిరి. వధ దోపిడిగా మారెను. బ్రూగెల్ కుమారుడు చేసిన ప్రతులు నిలిచియుండుటచేత మొదటి రూపము మనకు తెలియుచున్నది. అట్టి ప్రతి యొకటి వియన్నాలో కలదు.

కాని దిద్దినవారు తల్లుల శోకమును దిద్దలేకపోయిరి. మంచులో కూలబడిన యొకతె ఒడిలోని మూటను జూచి విలపించుచున్నది. మూటకై యింతగా నేడ్చువారుందురా? కారణము పోయెను, కన్నీరు మిగిలెను. ఆ పొసగనితనమే మరుగుపరచినవారిని పట్టియిచ్చుచున్నది.

1660లో ఇంగ్లండు రాజగు రెండవ చార్లెసు బ్రెడా నగరమున దీనిని కొనెను. నాటి పూత చాలవరకు నేటికిని పటముపైనే యున్నది. అదియు నొక చరిత్రయే.

పాఠశాలలో చరిత్ర బోధించు మాకు ఇట్టి పూత క్రొత్తది కాదు. "అల్లరులు అణచబడెను" అని గ్రంథము చెప్పును; మేము చదివింతుము; బాలురు వల్లింతురు. అణచబడినవారెవరు, వారి తల్లులెవరు అని యడుగుట నేర్పనిచో, ఆ చక్రవర్తి కుంచె మా చేతిలోనే యున్నదని యొప్పుకొనవలెను.