ఆషాఢ పున్నమి నాటి పెద్దవాగు

2022 జులై 13. ఆషాఢ పున్నమి. చంద్రుడి జాడ లేదు. రోజుల తరబడి వాన తెరిపి ఇవ్వలేదు. రాష్ట్రమంతా బడులకు సెలవులు. గోదావరిఖని చుట్టూ ఉన్న ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు తవ్వకం ఆగింది. బురదైన మట్టి రోడ్ల మీద డంపర్లు కదిలే వీలు లేదు. క్వారీ అడుగున చేరిన నీటిని మోటార్లు తోడుతున్నాయి. తోడినంత నీరు మళ్లీ చేరుతోంది.

అదే రోజు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా దహెగాం మండలంలో పెద్దవాగు ఒడ్లు దాటి పారుతోంది. వరదలో దారి మూసుకుపోయిన గర్భిణి ఒకామె. ఆమెను ఆదుకోవడానికి సింగరేణి బొగ్గు గనుల రెస్క్యూ బృందం బయల్దేరింది.

రెస్క్యూ వాళ్లంటే ఎవరో బొగ్గుబాయి ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బాయిలో ప్రమాదం జరిగితే అందరూ బయటికి పరుగెత్తుకొస్తారు. వీళ్లు మాత్రం లోపలికి వెళ్తారు. వీపున ఆక్సిజన్ పరికరం కట్టుకుని, పొగలో, చీకటిలో, ఒకరినొకరు కనిపెట్టుకుంటూ నడుస్తారు. నీరు చేసే ఘోరమూ ఈ నేలకు కొత్త కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులను పొట్టన పెట్టుకుంది.

కానీ పొంగిన వాగు తీరు వేరు. ఎర్రటి నీళ్లలో అడుగు కనిపించదు. నిలబడిన చోటే కాలి కింద ఇసుక కరిగిపోతుంది. నీరు నడుముకు తగిలిందంటే కండబలం పనిచేయదు. ఆ రోజు పెద్దవాగు బృందంలో ఇద్దరిని లాక్కుపోయింది. భూమి లోపలి ప్రమాదాలకు శిక్షణ పొందినవాళ్లు ఇంకొకరి ప్రాణం కోసం వెళ్లి, భూమి మీది వరదకు బలయ్యారు.

కడెం ప్రాజెక్టూ ఆ రోజే చావు అంచుకు వెళ్లొచ్చింది. మూడు లక్షల క్యూసెక్కులు వదలగలిగే ఆనకట్ట మీదికి ఐదు లక్షలకు పైగా వచ్చిపడ్డాయి. 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. మర్నాటికి మంథని కాలనీలు నీట మునిగాయి, కన్నెపల్లి పంప్‌హౌస్ మునిగింది. 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు అదే.

ఆషాఢంలో వాన మనకు కొత్తా? కాదు. ముసురు పట్టేది, సన్నగా, రోజుల తరబడి. చెరువు నిండేది, నారు నిలిచేది, నేల తాగేది. ఇప్పుడు వారాల పాటు చుక్క రాలదు, రాలితే పదిరోజుల వాన ఒక్కరాత్రి కురుస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. మోసినదంతా మేఘం ఒక్కచోటే దించితే వాగు ఆపుకోలేదు. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతిభారీ వానలు 1950–2015 మధ్య మూడింతలయ్యాయని పుణె వాతావరణ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో తేల్చింది. మన గోదావరికి ప్రాణహిత మోసుకొచ్చే నీళ్లు ఆ మధ్య భారతానివే.

ఏడాది తిరిగింది. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వాకిట్లో డ్రమ్ము పెడితే రెండడుగులకు పైగా నిండే వాన. 2013లో వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్ల రికార్డు చెరిగిపోయింది. ఆ తెల్లవారుజామునే సింగరేణి గనులున్న భూపాలపల్లి పక్కన మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. జనం ఇళ్ల కప్పులెక్కి కేకలు వేశారు. వాళ్లను దించడానికి హెలికాప్టర్లు, పడవలు రావాల్సి వచ్చింది.

ఒక నిజం మనమే చెప్పుకోవాలి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ పొయ్యి మండేది మన బొగ్గుతోనే. ఆ కరెంటుతో దేశం వెలిగింది, మన ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆకాశాన్ని వేడెక్కించిన పొగలో ఆ బొగ్గు వాటా కూడా ఉంది. తప్పు కార్మికుడిది కాదు. కానీ వరద ముందుగా వచ్చేది అతని గుమ్మంలోకే.

అందుకే అడగాలి. బాయి ప్రమాదానికి సిద్ధమైనట్టే వరదకూ రెస్క్యూ బృందాలను సిద్ధం చేయాలి. లైఫ్ జాకెట్లు, పడవలు, వరద నీటిలో శిక్షణ ఏ బృందానికీ కొరవడకూడదు. వాగుల మీద ఎత్తయిన వంతెనలు కట్టాలి. వాన కబురు అందగానే, వాగవతలి ఊళ్లలో నెలలు నిండిన ఆడబిడ్డలను ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి. వాగు పొంగక ముందే వాళ్లను దాటిస్తే, పొంగిన వాగులోకి ఏ తల్లి బిడ్డా దిగాల్సిన పని ఉండదు.