కన్యాశుల్కం ప్రయాణాలు: విశాఖ నుంచి బ్రాడ్వేకు దారి ఉన్నదా?

ఒక ప్రాంతపు రంగస్థలం మీద మళ్లీ ప్రాణం పోసుకొని పేరు గడించిన నాటకాన్ని న్యూయార్కులోని బ్రాడ్వేకు తరలించవచ్చునా అన్న ప్రశ్న తెలుగులో తలెత్తితే, పరీక్షకు ముందుగా నిలువవలసినది కన్యాశుల్కమే. ఈ ప్రశ్నను సాధారణంగా గౌరవానికి సంబంధించినదిగా చూడటం జరుగుతున్నది. మన నాటకం అంత దూరం పోగలదా, అక్కడివారు మెచ్చుకొంటారా అన్నదే చర్చ అవుతున్నది. కన్యాశుల్కం విషయంలో ఇది గౌరవానికి కాక భాషకు సంబంధించిన ప్రశ్న.

ఈ నాటకం పుట్టుకలోనే ఒక ప్రాంతపు లెక్కాపత్రం ఉన్నది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు తొలిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయిన తొలి కూర్పుకు గురజాడ రాసిన ఆంగ్ల పీఠికలో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ కన్యాశుల్క వివాహాలు 1034గా లెక్కకు వచ్చిన సంగతి ఉన్నది. విజయనగరం అప్పటికి ఆ జిల్లాలోదే. అయిదంకాల ఆ నాటకం 1909లో ఏడంకాల కొత్త నాటకమైంది. సంస్కరణ ప్రయోజనంతో మొదలైన రచన మలి కూర్పులో మనుషుల మాటతీరే ప్రధాన వస్తువుగా విస్తరించింది. అగ్రహారపు వైదికుల తెలుగు, అసిరిగాడి తెలుగు, హెడ్డు కనిస్టీబు దర్పం, బైరాగి వేదాంతం, మధురవాణి వాక్చాతుర్యం, గిరీశం ఇంగ్లీషు కలిపిన ఉపన్యాస ధోరణి పక్కపక్కనే నిలిచి ఒకదాన్నొకటి వెక్కిరించుకొంటాయి. కథ ఏమిటని అడిగితే నాలుగు వాక్యాలలో చెప్పవచ్చు. నాటకం మాత్రం ఆ నాలుగు వాక్యాలలో లేదు.

పూర్తి పాఠాన్ని ఒక్క రాత్రిలో ఆడటం కష్టం కనుక రంగస్థలం మీదికి వచ్చిన కన్యాశుల్కాలు దాదాపు అన్నీ కుదింపులే. వాటిలో దీర్ఘకాలం నిలిచినది 1953లో విజయనగరంలో జె.వి. రమణమూర్తి దర్శకత్వంలో మొదలైనది. గిరీశంగా రమణమూర్తి, రామప్పంతులుగా ఆయన అన్న సోమయాజులు నాలుగు దశాబ్దాల కాలంలో ఈ నాటకాన్ని ఊరూరా తిప్పారు. సోమయాజులు రెవెన్యూ శాఖ ఉద్యోగి. పగలు కచేరీ, రాత్రి నాటకం అన్న ఈ జీవనవిధానం ఉత్తరాంధ్ర రంగస్థలానికి అసాధారణమేమీ కాదు. విశాఖలో ఓడరేవు, రైల్వే, ఉక్కు కర్మాగారం వంటి సంస్థల ఉద్యోగులలో నటులు ఎప్పుడూ ఉన్నారు. నటన వారికి బతుకుతెరువు కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి ప్రోత్సహించిన ప్రయోగాత్మక రంగస్థలం కూడా ఈ ఔత్సాహిక బలం మీదనే నిలిచింది. 1955లో కన్యాశుల్కం సినిమాగా వచ్చిన తరవాత సైతం నాటకానికి ప్రేక్షకులు తగ్గకపోవటం గమనించదగినది. కథ తెలిసినవారే మళ్లీ వచ్చేవారంటే వారు వినవచ్చినది మాటలనే అనుకోవాలి.

బ్రాడ్వే నియమాలు వేరు. అయిదు వందలకు తగ్గని సీట్లున్న మన్‌హటన్ వృత్తి నాటకశాలలకే ఆ పేరు చెల్లుతుంది. వారానికి ఎనిమిది ఆటల చొప్పున, పెట్టుబడి తిరిగి వచ్చేదాకా నాటకం నడవాలి. సెలవు పెట్టి వేషం కట్టే నటుడికి ఈ పద్ధతిలో చోటు లేదు. కాబట్టి తరలేది ప్రదర్శన కాదు, రాతప్రతి. నటులు, మాట్లాడే గొంతు, యాస అన్నీ మారిపోతాయి. దీనిని తరలింపు అనవచ్చునా అన్నదే మొదటి సందేహం.

ఆసియా నాటకం తన నటులతో, తన భాషతో అక్కడికి పోయిన ఉదాహరణలు లేకపోలేదు. 1930లో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ బృందం న్యూయార్కులో ఘనవిజయం సాధించింది. సలహాదారు జాంగ్ పెంగ్‌చున్ విదేశీ ప్రేక్షకుడు కంటితో గ్రహించగల ఘట్టాలను ఏరి కూర్చాడు. ప్రతి అంశానికి ముందు ఇంగ్లీషులో పరిచయం ఉండేది. ఆ మరుసటి ఏడాదే, 1931 జనవరిలో, శిశిర్ కుమార్ భాదురీ బెంగాలీ నాటకం ‘సీత’ వాండర్‌బిల్ట్ థియేటరులో ప్రదర్శితమై ఆర్థికంగా దెబ్బతిన్నది. రెండింటి మధ్య తేడాకు కారణాలు అనేకం. ఇక్కడ పనికివచ్చేది ఒకటే: మెయ్ కళలో చేతివేళ్లు, అడుగులు, ఆహార్యం మాట సాయం లేకుండా కూడా అర్థాన్నిస్తాయి. కన్యాశుల్కానికి ఆ వెసులుబాటు లేదు. అందులో చూడదగినది తక్కువ, వినదగినది చాలా ఎక్కువ.

అసలు చిక్కు ఇంగ్లీషు దగ్గర వస్తుంది. బ్రాడ్వే భాష ఈ నాటకంలో ముందే ఉన్నది, కాని అది నేపథ్యం కాదు, ఒక పాత్ర ధరించిన వేషం. కొడుకు చదువు చూసి మురవాలని వెంకమ్మ ఇంగ్లీషు మాట్లాడించే ఘట్టాన్ని తీసుకొంటే, గురుశిష్యులు బళ్లో వల్లెవేసిన ముక్కలను సంభాషణగా అప్పజెబుతారు. తండ్రికి అర్థం కాదు, ఇంట్లో వాళ్లకూ అర్థం కాదు. ప్రేక్షకులలో కొందరికి అర్థమవుతుంది, కొందరికి కాదు. అర్థమైనవాడు మోసాన్ని చూసి నవ్వుతాడు. అర్థం కానివాడు అగ్నిహోత్రావధాన్ల పక్కన నిలబడి అదే విభ్రమానికి లోనై, ఆ తరవాత తనను చూసి తానే నవ్వుకొంటాడు. హాస్యమంతా ఈ రెండు రకాల ప్రేక్షకుల మధ్య ఉన్న ఎడంలో పుడుతున్నది. నాటకమంతా ఇంగ్లీషైతే ఈ ఎడం పూడిపోతుంది. పుస్తకంలోనైతే అక్షరాల ఆకారం మార్చి ఇది మూలంలోనూ ఇంగ్లీషేనని చూపవచ్చు. రంగస్థలం మీద నటుడికి ఆ సౌకర్యం లేదు. అగ్నిహోత్రావధాన్లు కూడా ఇంగ్లీషులోనే తిడుతూ, గిరీశం ఇంగ్లీషు మాత్రం తెలియనట్లు నటిస్తే, ప్రేక్షకుడికి మిగిలేది ఒక మూర్ఖుడైన ముసలి బ్రాహ్మడు. గురజాడ సృష్టించిన అవధాన్లు కోపిష్ఠి, దావాలకోరు, అంతేగాని తెలివిమాలినవాడు కాదు.

అనువాదాలు జరిగాయి. సి. విజయశ్రీ, టి. విజయకుమార్ల అనువాదం 2002లోను, వెల్చేరు నారాయణరావు అనువాదం 2007లో ఇండియానా విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచీ వెలువడ్డాయి. రెండవదాని పేరు ‘గర్ల్స్ ఫర్ సేల్’. ఈ నాటకాన్ని సంఘసంస్కరణ ప్రచారంగా చదవటం వలస ఆధునికత నేర్పిన పొరపాటని వెల్చేరు అందులో వాదించారు. అంతటి వాదం ఉన్న పుస్తకానికే అట్టమీద ఆడపిల్లల అమ్మకం అని పెట్టవలసి వచ్చిందంటే, టిక్కెట్లు అమ్ముడుపోవలసిన నాటకశాల గోడమీద ఏ బొమ్మ అతుకుతారో ఊహించటం కష్టం కాదు. భారతదేశపు దురాచారాన్ని చూపే నాటకంగా కన్యాశుల్కం బ్రాడ్వేలో నిలబడవచ్చు. అలా నిలబడినది 1909 నాటి నాటకం కాదు.

అయితే పొలిమేర దాటకూడదని దీని అర్థం కాదు. 1982లో హబీబ్ తన్వీర్ ‘చరణ్‌దాస్ చోర్’ ఛత్తీస్‌గఢీ పల్లె కళాకారులతో, వారి భాషలోనే ఎడింబరో పోయి ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం పొందింది. ఆ నాటకానికి పాట, ఆట అండగా ఉన్నవన్న తేడాను మరచిపోరాదు. కన్యాశుల్కానికి అండ తెరమీది అనువాద వాక్యాలే కావాలి. తెలుగు మాటలను మాత్రమే అనువదించి గిరీశం ఇంగ్లీషు పలికినప్పుడు తెరను ఖాళీగా వదిలితే, పై ఎడం కొంతవరకు తిరిగి వస్తుంది. కొద్ది రోజుల ఉత్సవ వేదికలలో ఇది సాధ్యం. పెట్టుబడి రాబట్టుకోవలసిన నెలల తరబడి ఆటలో సాధ్యమనిపించదు.

దానికన్నా ముందు తీర్చవలసిన బాకీ విశాఖలోనే ఉన్నది. గురజాడ పేర కళాక్షేత్రం, ఓడరేవు వారి కళావాణి, విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉన్న ఊరు ఇది. ఏడంకాలనూ కుదించకుండా రెండు మూడు రాత్రుల ప్రదర్శనగా ఇక్కడ నిలబెట్టి, పల్లెల యాసలు తెలిసిన నటులతో దృశ్యశ్రవణ రూపంలో భద్రపరిస్తే, తరవాత ఏ దేశానికి పోయినా పోల్చి చూడటానికి మూలం ఉంటుంది. నాటకం సైతం చివరి అంకంలో వచ్చి చేరేది ఈ పట్నానికే. లుబ్ధావధాన్ల మీది కేసు కోసం మధురవాణి మగవేషం వేసుకొని సౌజన్యారావు పంతులు ఇంటికి వచ్చే ఘట్టం కుదింపు ప్రతులలో ఎంత మిగిలిందో, ఆమె మాటలలో ఎన్ని రాలిపోయాయో, ప్రదర్శన ప్రతులను మూలంతో పక్కపక్కన పెట్టి చూడవలసిన పని పరిశోధకులది.