పండు మెత్తబడు కథ

పచ్చి మామిడికాయను కోయుటకు కత్తి కావలయును. అదే కాయ మాగిన పిదప బొటనవ్రేలి నొక్కుడు చాలును. తూకమున గాని ఆకారమున గాని పెద్ద భేదము కనబడదు. మరి ఈ కొలది దినములలో దాని లోపల ఏమి జరిగినది? చిన్నపిల్లవాడైనను అడుగదగిన ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో శాస్త్రజ్ఞులకు రెండువందల యేండ్లకు పైగా గడచినవి. ఆ వెదకుట ఇంకను ముగియలేదు. ఆ చరిత్రను శ్రోతలకు క్లుప్తముగా మనవి చేయదలచితిని.

ఇది కేవలము పండితుల వినోదమని తలపరాదు. కాయ మరీ ముందుగా కోసినచో రుచి రాదు. మెత్తబడిన పిదప కోసినచో బండి యెక్కి సంత చేరులోపల నలిగిపోవును. ఈ రెండింటి నడుమ నున్న కొన్ని దినములలోనే తోట రైతు లాభనష్టములు తేలిపోవును. ఆ దినములను రెండో మూడో పొడిగింపగలిగినచో ఎన్ని బుట్టల పండ్లు పారబోయు బాధ తప్పునో ఊహించుకొనవచ్చును.

ముందుగా పండు కట్టడమును గూర్చి రెండు మాటలు. పండు గుజ్జు లెక్కకు మిక్కిలియైన సూక్ష్మకణముల కూర్పు. ప్రతి కణము చుట్టును ఒక గోడ కలదు. మన పల్లెలలోని తడిక గోడను తలచుకొనిన దాని స్వభావము తెలియును. సెల్యులోజు అను నారలు వెదురుబద్దల వంటివి. వానిని పెనవేసి పట్టుకొను హెమిసెల్యులోజులు త్రాళ్ల వంటివి. సందులను నింపి, ఒక కణమును ప్రక్క కణముతో అతికించు పెక్టిన్ అను పదార్థము మెదిపిన బంకమన్ను వంటిది. ఇవి గాక కణములోని నీరు, సైకిలు చక్రములోని గాలివలె, గోడను లోపలినుండి నెట్టుచు బిగువుగా నుంచును. కాయ గట్టితనమునకు ఈ నాలుగును కారణములే.

వీనిలో మొదట శాస్త్రజ్ఞుల కంటబడినది బంకపదార్థము. దాని చరిత్ర మన వంటింటి చింతపండుతో ఆరంభమగుట ముచ్చటైన విషయము. 1790 లో ఫ్రాన్సు దేశపు రసాయనజ్ఞుడు వోక్లాఁ చింతపండును పరీక్షించుచు, దాని రసమున పేరుకొని ముద్దగట్టు పదార్థ మొకటి కలదని కనుగొనెను. 1825 లో నాన్సీ పట్టణమున నున్న బ్రాకొనో అను నతడు ఇట్టి పదార్థము అనేక వృక్షజాతులలో నున్నదని చూపి, పేరుకొనుట అను అర్థము గల గ్రీకు మాటనుండి దానికి పేరు పెట్టెను. పెక్టిన్ అను మాట అట్లు పుట్టినది.

పండు మాగుటకును ఈ పదార్థమునకును గల సంబంధమును మొదట స్పష్టముగా చెప్పినవాడు ప్యారిసులోని ఫ్రెమీ. 1840 నుండి సాగిన పరిశోధనలలో అతడు తేల్చిన విషయ మిది: పచ్చికాయలో బంకపదార్థము నీట కరుగని రూపమున నుండును, కాయ మాగుకొలది అది కరుగు రూపమును పొందును. జామకాయలతో జెల్లీ వండు గృహిణులకు ఈ సంగతి అనుభవముననే తెలియును. బాగుగా మాగిన పండ్లు మాత్రమే వేసినచో జెల్లీ సరిగా పేరుకొనదు. కొన్ని దోరకాయలను కలుపవలయును.

ఆ బంక కణములో ఎచ్చట నున్నదో చూపినవాడు లూయీ మాంజాఁ. అతడు 1893 లో రుథేనియము అను లోహమునకు చెందిన ఎఱ్ఱరంగును ఉపయోగించి, కణమునకును కణమునకును నడుమ నున్న పలుచని పొరలో పెక్టిన్ నిండియున్నదనియు, కాల్షియముతో కలిసి అచట గట్టిపడి యున్నదనియు తెలిపెను. సున్నములోని మూలకమే ఈ కాల్షియము. ఆగ్రాలో బూడిదగుమ్మడికాయతో పేఠా అను మిఠాయి చేయువారు ముక్కలను మొదట సున్నపునీట నానవేయుదురు. అందుచేతనే అవి పాకమున ఉడికినను చిదిసిపోవు. కాల్షియము రెండు పెక్టిన్ గొలుసుల నడుమ, పెట్టెలో గ్రుడ్లను అమర్చినట్లు, అమరి వానిని కలిపి పట్టునని 1973 లో వివరించిరి.

చాలకాలము గట్టితనమును కొలుచుటకు బొటనవ్రేలే ముఖ్యసాధనము. 1925 లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మాగ్నెస్, టేలర్ అనువారు ఒక చిన్న పనిముట్టును సిద్ధపరచిరి. తొక్క తీసిన చోట ఒక లోహపు కడ్డీని గుజ్జులోనికి గ్రుచ్చి, ఎన్ని పౌనుల ఒత్తిడి పట్టినదో చూచుట దాని పద్ధతి. పని చాల చిన్నది. ఫలము చాల పెద్దది. ఒకరి వ్రేలికి గట్టిగా తోచినది మరియొకరికి మెత్తగా తోచవచ్చును గాని, అంకె అందరికి నొక్కటే. ఆ పనిముట్టు పద్ధతి నేటికిని వాడుకలో నున్నది.

మెత్తబడుటకు పిలుపు ఎచ్చటినుండి వచ్చును? 1934 లో గేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, మాగుచున్న ఆపిలు పండ్లు ఎథిలీను అను వాయువును తామే విడుచునని నిరూపించెను. మన రైతులు మామిడికాయలను వరిగడ్డిలో కప్పి మాగవేయుటలోని కీలకము ఇందువలన తెలిసినది. కాయలు విడుచు వాయువు గడ్డి నడుమ నిలిచి, తోటి కాయలను కూడ మేల్కొలుపును. ఆ పిలుపు నందుకొని కణములలో అనేకములైన ఎంజైములు, అనగా జీవరసాయనక్రియలను నడపు మాంసకృత్తులు, పుట్టి గోడల పని పట్టును.

ఈ ఎంజైములలో పాలీగాలక్ట్యురొనేజు అను దానిపై అందరి దృష్టియు పడెను. పెక్టిన్ గొలుసును ముక్కలుగా నరుకుట దాని పని. పచ్చి టొమాటోలో అది దాదాపు లేదు; ఎఱ్ఱబడుకొలది విస్తారముగా పెరుగును. ఇంగ్లండులో హాబ్సన్ 1964 లో ప్రకటించిన పరిశోధన మొదలుకొని, మెత్తదనమునకు ఇదియే మూలమన్న నమ్మకము బలపడెను. దొంగ దొరకినాడు, ఇక కట్టివేయుటయే తరువాయి యని అనేకులు తలచిరి.

కట్టివేయు సాధనము 1988 లో లభించెను. ఇంగ్లండులోని నాటింగుహాము విశ్వవిద్యాలయమువారును, అమెరికాలోని కాల్జీన్ సంస్థవారును, వేర్వేరుగా, ఆ ఎంజైమునకు మూలమైన జన్యువును తలక్రిందులుగా మరల మొక్కలో ప్రవేశపెట్టి, ఎంజైమును నూటికి తొంబది పాళ్లవరకు అణచివేసిరి. తుదకు జరిగిన దేమి? ఆ టొమాటోలు ఇంచుమించు ఎప్పటివలెనే మెత్తబడినవి! మరుసటి సంవత్సరము దీనికి ఎదురు పరీక్ష జరిగెను. ఎన్నటికిని సరిగా మాగని ఒక టొమాటో జాతిలో ఆ ఎంజైమును బలవంతముగా పుట్టించిరి. పెక్టిన్ నరకబడినది గాని కాయ మెత్తబడలేదు.

అయినను కాల్జీన్‌వారు ఆ టొమాటోను ఫ్లేవర్ సేవర్ అను పేర 1994 మే నెలలో అంగడికి తెచ్చిరి. జన్యువును మార్చిన ఆహారములలో సంపూర్ణ ఫలముగా ప్రజల చేతికి వచ్చిన మొదటిది అదియే. చెట్టుననే పండనిచ్చి దూరదేశములకు పంపవచ్చునని వారి ఆశ. పచ్చికాయలవలె రవాణాకు ఓర్చుకొనలేక, ఖర్చులు మించి, 1997 నాటికి అది అంగడినుండి తొలగిపోయెను. ఈ ప్రయత్నము వ్యర్థమని మాత్రము నేననను. పెక్టిన్ గొలుసులు పొడవుగా మిగిలినందున అట్టి టొమాటోల గుజ్జు చిక్కగా నుండెను. అంతకు మించి, ఒక్క ఎంజైముతో కథ ముగియదని లోకమునకు తెలిసెను.

పిమ్మట పరిశోధకులు బంకమన్నును మాత్రమే గాక వెదురుబద్దలను, త్రాళ్లను కూడ చూడసాగిరి. ఎక్స్‌పాన్సిన్ అను మాంసకృత్తు దేనిని నరకక, నారల పట్టును మాత్రము సడలించునని 1992 లో దోసమొలకలయందు తెలిసెను. 1999 లో టొమాటోలో దానిని తగ్గింపగా పండు కొంత గట్టిగా నిలిచెను. 2010 లో ఢిల్లీలోని జాతీయ వృక్షజన్యు పరిశోధనసంస్థవారు వేరు రెండు ఎంజైములను అణచి, టొమాటో నిలువయుండు కాలమును సుమారు 30 దినములు పొడిగించిరి. 2016 లో నాటింగుహామువారు పెక్టేట్ లయేజు అను మరియొక ఎంజైమును తగ్గించి, రంగు రుచులు చెడకుండ గట్టి టొమాటోలను పండించిరి. ఆ తొలి ఎంజైము కథ కూడ అన్ని పండ్లలో నొకటి కాదు. 2012 లో న్యూజీలాండునందు దానినే ఆపిలులో తగ్గింపగా ఆ పండ్లు నిజముగనే గట్టిగా నుండెను. టొమాటోలో నిరపరాధి వలె తోచినది ఆపిలులో అపరాధి యయ్యెను!

ఈ చరిత్రనుండి నేను గ్రహించినది ఒక్కటి. గోడ కూలుట ఒకరి చేతిపని కాదు. ఒకరు బంకను కరగింతురు, ఒకరు త్రాళ్లను వదులు చేయుదురు, లోపలి నీరు జారి బిగువు తగ్గును. పై తొక్క ఎంత గట్టిదో అది కూడ లెక్కకు వచ్చును. ఈ పనివారి వంతులు పండు పండునకు మారుచుండును. కావున టొమాటోలో నేర్చిన పాఠమును మామిడికి యథాతథముగా అప్పగించుట తగదు. మన మామిడిని, మన జామను, మన సీతాఫలమును వేర్వేరుగా పరీక్షింపవలసినదే.

మరియొక మాట. మెత్తబడుట పండునకు రోగము కాదు. పక్షులను పశువులను పిలిచి, తన విత్తనమును దూరము పంపుటకు చెట్టు చేసికొన్న యేర్పాటది. ఎన్నటికిని మెత్తబడని పండు అంగడిలో నిలుచును గాని నోటికి రుచింపదు. రైతునకు కావలసినది మెత్తదనమును మాన్పుట కాదు; అది తోటలోనో బండిలోనో గాక, తిను వారి యింటిలో, తగిన దినమున వచ్చునట్లు చేయుట. చింతపండుతో మొదలైన ఈ విద్య ఇప్పుడు ఆ కొలది దినముల గడువు కొఱకే పాటుపడుచున్నది.