కోటాల వెంట కదలిన కర్మాగారములు

1956లో అమెరికాలోని దక్షిణ కెరొలైనా, అలబామా రాష్ట్రములలో ఒక విచిత్రమైన శాసనము వెలువడినది. జపాను బట్టలు అమ్మే దుకాణదారుడు ఆ సంగతి తెలుపుతూ వాకిట బోర్డు కట్టవలెనట! డాలరుకు దొరకే జపాను రవికెలు అక్కడి మిల్లులను అంతగా భయపెట్టినవి. మరుసటి ఏడు, అమెరికాకు పంపే నూలు బట్టలకు జపాను అయిదేండ్లపాటు 'స్వచ్ఛందముగా' హద్దు విధించుకొన్నది. స్వచ్ఛందమనుట మర్యాదకు మాత్రమే.

జపాను విడిచిన చోటును హాంకాంగు ఆక్రమించినది. దానితో 1962లో నూలు బట్టలకు దీర్ఘకాలిక ఒడంబడిక వచ్చినది. ఏ దేశము ఏ రకము బట్టను ఏడాదికి ఎంతవరకు పంపవచ్చునో ఆ పరిమాణమే 'కోటా'. సుంకము వేరు, కోటా వేరు. సుంకము వేసినచో పెరిగిన ధరలో కొంత దిగుమతి చేసుకొనే ప్రభుత్వమునకు చేరును. కోటాలో సరుకు కొరత వలన ధర పెరుగును. ఆ లాభములో పెద్దపాలు కోటా పత్రము చేతనున్న ఎగుమతిదారునికి దక్కును. హాంకాంగులో ఈ పత్రములనే కొని అమ్మేవారు! కొలతకే హద్దు గనుక వర్తకులు అంతే కొలతలో ఖరీదైన బట్ట పంపసాగినారు. నూలుకే హద్దు గనుక కృత్రిమ దారముల వైపు మళ్ళినారు. 1974 నాటి బహుళ తంతు ఒడంబడిక ఉన్నిని, కృత్రిమ తంతువులను కూడ కోటాలలో చేర్చినది. కుటీర పరిశ్రమగా నేసిన చేనేత బట్టలను మాత్రము మినహాయించినారు. మన మగ్గములకు అది కొంత ఊరట.

దక్షిణ కొరియాను ఈ కోటాలు ఇరుకున పెట్టినవి. అక్కడి దేవూ సంస్థ, కోటా లేని బంగ్లాదేశ్‌లో 'దేశ్' అను కొత్త కంపెనీతో పొత్తు కలిపినది. 1979లో 130 మంది బంగ్లాదేశీయులు పూసాన్ నగరమునకు పోయి, ఆరు నెలలు కుట్టుపని, కర్మాగార నిర్వహణ నేర్చి వచ్చినారు. 1987 నాటికి వారిలో 115 మంది ఆ కంపెనీని విడిచి ఇతర దుస్తుల సంస్థలలో చేరినారు, లేదా సొంతముగా పెట్టుకొన్నారు. యంత్రములకంటె పనితనమే త్వరగా వ్యాపించినది. 1985లో అమెరికా బంగ్లాదేశ్‌కు కూడ కోటా విధించినది, కాని అప్పటికే పరిశ్రమ వేరూనినది.

2005 జనవరి 1న కోటాలు తొలగినవి. కోటా వెసులుబాటు కోసమే విదేశీయులు వచ్చి నెలకొల్పిన కర్మాగారములు ఆఫ్రికాలోని లెసోతోలో కొన్ని మూతపడినవి; కూలీలు వీధిన పడినారు. బంగ్లాదేశ్ కూడ కూలిపోవునని పలువురు తలచినారు. కాని దాని ఎగుమతులు పెరిగినవి. చైనా సరుకు మాత్రము వరదవలె ఐరోపాకు వచ్చినది. జూన్‌లోనే ఐరోపా చైనాతో కొత్త హద్దు కుదుర్చుకొన్నది. ఆగస్టు నాటికి అది నిండిపోగా, దుకాణదారులు ముందే కొన్న చొక్కాలు, ఉన్ని దుస్తులు కోట్లకొలది రేవులలో నిలిచిపోయినవి. ఆ హద్దులు 2007 చివరి వరకు సాగినవి.