గోవా పనైపోయిందా? లెక్కలు చెప్తున్నదేంటి.. బాగా, కలంగుట్ ముందున్న అసలు సమస్య ఇదే!

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ హాస్టళ్లలో ఏ వాట్సాప్ గ్రూప్ తెరిచినా ఒక గోవా ప్లాన్ కనిపిస్తుంది. సగం ప్లాన్లు టికెట్ల దాకా రాకుండానే క్యాన్సిల్ అయిపోతాయి, అది వేరే సంగతి. అయితే కొంతకాలంగా రీల్స్‌లో ఇంకో మాట గట్టిగా వినిపిస్తోంది. ‘గోవా ఖాళీ అయిపోయింది’, ‘ఆ డబ్బులకు థాయ్‌లాండ్ వెళ్లి రావొచ్చు’ అంటూ వీడియోలు తెగ తిరుగుతున్నాయి.

నిజంగా గోవా ఖాళీ అయిందా? ప్రభుత్వ లెక్కలు చూస్తే కాదనే చెప్పాలి. వచ్చే జనం తగ్గలేదు, పెరిగారు. మారింది వచ్చేవాళ్లు. బిగుసుకున్నది రాత్రిపూట నడిచే పార్టీ వ్యాపారం. దాని మీద బతికే వేల మంది పరిస్థితి ఏంటన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. పూర్తి వివరాలు చూద్దాం.

గోవా.. క్లుప్తంగా

- విస్తీర్ణం: 3,702 చదరపు కిలోమీటర్లు. దేశంలో అతి చిన్న రాష్ట్రం.
- జనాభా: 2011 లెక్కల ప్రకారం సుమారు 14.58 లక్షలు.
- పోర్చుగీసు పాలన నుంచి విముక్తి: 1961 డిసెంబర్ 19. రాష్ట్ర హోదా: 1987 మే 30.
- నైట్‌లైఫ్‌కు పేరున్న ప్రాంతం: ఉత్తర గోవాలోని కాండోలిమ్, కలంగుట్, బాగా, ఆర్పోరా, అంజునా, వాగటోర్.
- 2024లో వచ్చిన పర్యాటకులు: సుమారు 1.04 కోట్లు. అంటే రాష్ట్ర జనాభాకు ఏడు రెట్లు.

చేపల ఊళ్ల నుంచి పార్టీ అడ్డాగా..

బాగా, కలంగుట్ ఒకప్పుడు చేపలు పట్టుకునే, కొబ్బరి తోటలు, వరి పొలాలు ఉన్న ఊళ్లు. 1960ల చివర్లో, 70ల్లో అమెరికా, యూరప్ నుంచి హిప్పీలు వచ్చి అంజునా, కలంగుట్ చుట్టుపక్కల మకాం వేశారు. అంజునాలో బుధవారం సంత అప్పటి నుంచి వచ్చిందే. 1983లో కామన్‌వెల్త్ దేశాధినేతల విడిది సమావేశం గోవాలో జరగడంతో ప్రపంచం దృష్టి ఇటు పడింది. ఆ తర్వాత యూరప్ నుంచి చార్టర్ విమానాలు మొదలయ్యాయి. చలికాలంలో బ్రిటన్ వాళ్లు, తర్వాత రష్యా వాళ్లు నెలల తరబడి ఉండిపోయేవారు.

ఊళ్లో వాళ్లు ఇంట్లో గదులు అద్దెకిచ్చారు. ఒడ్డున కొబ్బరాకులతో షాక్‌లు వేసి చేపల కూర, బీరు అమ్మారు. అలా మొదలైన దారిలో క్లబ్బులు, హోటళ్లు వరుస కట్టాయి. 2007లో కాండోలిమ్‌లో మొదలైన సన్‌బర్న్ మ్యూజిక్ ఫెస్టివల్‌తో ‘ఇండియా పార్టీ క్యాపిటల్’ అన్న పేరు గట్టిపడింది.

‘గోవా ఖాళీ’ అన్న మాట ఎక్కడ మొదలైంది?

2024 నవంబర్‌లో ఒక వ్యాపారవేత్త పెట్టిన సోషల్ మీడియా పోస్ట్‌తో ఈ చర్చ రాజుకుంది. విదేశీ పర్యాటకులు గోవాకు ముఖం చాటేస్తున్నారని ఆయన కొన్ని అంకెలు చూపించారు. అవి తప్పుడు లెక్కలంటూ గోవా పర్యాటక శాఖ పోలీసులకు ఫిర్యాదు చేసింది. దాంతో ఆ పోస్ట్ ఇంకా ఎక్కువ మందికి చేరింది.

2025 ఫిబ్రవరిలో మరో వివాదం. కలంగుట్ ఎమ్మెల్యే మైఖేల్ లోబో, బీచ్ షాక్‌లలో ఇడ్లీ-సాంబార్, వడాపావ్ అమ్మడం కూడా విదేశీయులు తగ్గడానికి ఒక కారణమన్నారు. ఈ మాట మన దగ్గర మీమ్స్‌కు మంచి సరుకైంది. ‘మా ఇడ్లీ మీకేం చేసింది?’ అని నెటిజన్లు ఆడుకున్నారు. అయితే ఆయన అదే సందర్భంలో రష్యా-ఉక్రెయిన్ యుద్ధం గురించి కూడా చెప్పారు. షాక్‌లను గోవా వాళ్లే బయటివాళ్లకు అద్దెకు ఇచ్చేస్తున్నారని కూడా అన్నారు. వాటి మీద మాత్రం పెద్దగా చర్చ జరగలేదు.

లెక్కలు ఏం చెప్తున్నాయంటే..

గోవా పర్యాటక శాఖ గణాంకాల ప్రకారం, కరోనాకు ముందు 2019లో దేశీయ పర్యాటకులు 71.27 లక్షల మంది, విదేశీయులు 9.37 లక్షల మంది వచ్చారు. 2024కు వచ్చేసరికి దేశీయులు 99.41 లక్షలకు చేరారు. విదేశీయులు 4.67 లక్షల దగ్గరే ఆగారు.

అంటే మన దేశం వాళ్లు దాదాపు 40 శాతం పెరిగారు. విదేశీయులు సగానికి తగ్గారు. 2019లో ప్రతి వంద మందిలో 11, 12 మంది విదేశీయులు ఉంటే, 2024లో నలుగురైదుగురే. ఖాళీ బీచ్ వీడియో నిజమే కావొచ్చు, క్రిక్కిరిసిన బాగా వీడియో కూడా నిజమే కావొచ్చు. ఏ నెలలో, ఏ వారం తీశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

తేడా ఎక్కడంటే, నెల రోజులు ఉండే రష్యా పర్యాటకుడు ఊళ్లో గది తీసుకుని, అదే షాక్‌లో రోజూ తినేవాడు. వీకెండ్‌కు వెళ్లే మన కుర్రాళ్లు రెండు, మూడు రాత్రులు ఉండి వచ్చేస్తారు. తలలు పెరిగినా చిన్న గెస్ట్‌హౌస్ వాడి చేతిలో అంతే డబ్బు మిగలాలని లేదు.

విదేశీయులు ఎందుకు తగ్గారు?

ఒక్క కారణం కాదు. 2019 సెప్టెంబర్‌లో బ్రిటన్ ట్రావెల్ కంపెనీ థామస్ కుక్ మూతపడింది, దాంతో చార్టర్ విమానాలకు దెబ్బ తగిలింది. 2020లో కరోనా. 2022 ఫిబ్రవరిలో రష్యా-ఉక్రెయిన్ యుద్ధం. గోవాకు ఎక్కువగా వచ్చేది రష్యా వాళ్లే కాబట్టి దాని ప్రభావం గట్టిగా పడింది.

పోటీ కూడా పెరిగింది. థాయ్‌లాండ్ 2023 నవంబర్‌లో భారతీయులకు వీసా లేకుండా ప్రవేశం ఇవ్వడం మొదలుపెట్టింది. శంషాబాద్ నుంచి బ్యాంకాక్, ఫుకెట్‌లకు నేరుగా విమానాలున్నాయి. ఇటు గోవాలో ట్యాక్సీ గొడవ ఎన్నేళ్లయినా తేలడం లేదు. ఓలా, ఉబర్ అక్కడ నడవవు. 2018లో ప్రభుత్వ మద్దతుతో వచ్చిన గోవామైల్స్ యాప్‌ను కూడా స్థానిక ట్యాక్సీ సంఘాలు వ్యతిరేకిస్తూనే ఉన్నాయి. ఎయిర్‌పోర్టు దిగగానే బేరం మొదలైతే ట్రిప్ మూడ్ అక్కడే సగం పోతుందని పర్యాటకుల ఫిర్యాదు. ట్యాక్సీ వాళ్లదీ ఒక వాదన ఉంది. భూమి, హోటళ్లు బయటివాళ్ల చేతికి వెళ్లాయి, మాకు మిగిలింది ఈ స్టీరింగ్ ఒక్కటే అంటారు.

25 మంది ప్రాణాలు తీసిన రాత్రి

2025 డిసెంబర్ 6 అర్ధరాత్రి ప్రాంతంలో ఆర్పోరాలోని ‘బిర్చ్ బై రోమియో లేన్’ నైట్‌క్లబ్‌లో మంటలు చెలరేగాయి. 25 మంది చనిపోయారు. వారిలో 20 మంది క్లబ్‌లో పనిచేసే సిబ్బంది, ఐదుగురు పర్యాటకులు. చాలామంది కింది భాగంలో ఇరుక్కుని, పొగకు ఊపిరాడక ప్రాణాలు కోల్పోయారు. దారి ఇరుకుగా ఉండటంతో ఫైరింజన్లు క్లబ్ దాకా వెళ్లలేక దూరంగానే ఆగాల్సి వచ్చింది.

క్లబ్ యజమానులు థాయ్‌లాండ్ వెళ్లిపోయారు. తర్వాత వారిని అక్కడి నుంచి దేశానికి తీసుకొచ్చి అరెస్ట్ చేశారు. అనుమతులు ఎలా వచ్చాయన్న ప్రశ్నతో అధికారులపైనా చర్యలు తీసుకున్నారు. క్లబ్బులు, బార్లు, హోటళ్ల లోపల బాణసంచా, పైరో ఎఫెక్ట్‌లు వాడకూడదని ఉత్తర గోవా జిల్లా యంత్రాంగం ఆదేశాలిచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది మృతుల వివరాలు. డాన్స్ ఫ్లోర్ మీద ఉన్నవాళ్ల కంటే వంటగదిలో, సర్వీసులో ఉన్నవాళ్లే ఎక్కువగా పోయారు. వీరిలో చాలామంది ఉత్తరాఖండ్, జార్ఖండ్, అస్సాం, నేపాల్ నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. నైట్‌లైఫ్ అంటే మనకు లైట్లు, డీజే గుర్తొస్తాయి. దాన్ని నడిపించేది మాత్రం నెలజీతానికి తెల్లవార్లూ నిలబడే ఈ కుర్రాళ్లు.

ఊరివాళ్లు ఏమంటున్నారు?

దేశమంతా అమల్లో ఉన్న 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. అంజునా, వాగటోర్ వాసులు ఈ నిబంధన అమలు కోసమే ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. పొలాలు, కొండ వాలులను నిర్మాణ స్థలాలుగా మార్చడంపైనా నిరసనలు జరుగుతున్నాయి. సన్‌బర్న్ కూడా 2025 డిసెంబర్‌లో గోవాను వదిలి ముంబైకి వెళ్లిపోయింది.

అలాగని పార్టీలన్నీ ఆపేయడం తేలిక కాదు. గోవాకు ఒకప్పుడు రెండో ఆదాయంగా ఇనుప ఖనిజం ఉండేది. సుప్రీంకోర్టు 2012లో తవ్వకాలు ఆపేసింది. 2018లో 88 లీజుల రెన్యువల్ రద్దు చేయడంతో గనులు మళ్లీ మూతపడ్డాయి. దాంతో పర్యాటకం మీద భారం ఇంకా పెరిగింది.

ఒకే వ్యాపారం మీద బతికే ఊరికి అది పోతే ఎలా ఉంటుందో మన దిల్‌సుఖ్‌నగర్ వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు. కొత్తపేటలో ఆ జాగాలో ఆసుపత్రి నిర్మాణం చేపట్టారు. ఆసుపత్రి అవసరమే. కానీ మార్కెట్ నమ్ముకున్న హమాలీలు, ట్రాలీ ఆటోవాళ్లు, టీ కొట్లవాళ్లు మార్కెట్ వెంట పోవాలా, ఇక్కడే వేరే పని వెతుక్కోవాలా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. బాగాలో షాక్ పెట్టుకున్నవాడి ముందూ ఇప్పుడు అలాంటి ప్రశ్నే ఉంది. తేడా ఏంటంటే, సముద్రాన్ని వేరే చోటికి తరలించలేం.

మన తీరానికి ఇది పాఠమేనా?

ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే ఎక్కితే వీకెండ్‌కు బాపట్ల సూర్యలంక వెళ్లేవాళ్లు చాలామందే. విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నిర్వహణ లోపాలపై ఫిర్యాదులతో 2025 మార్చిలో అది తాత్కాలికంగా పోయి, మళ్లీ వచ్చింది. ‘మన దగ్గర కూడా గోవా కావాలి’ అనేవాళ్లు గోవా ఏం సంపాదించిందో చూస్తున్నారు. చెత్త, నీళ్లు, దారి, ఫైర్ సేఫ్టీ ముందే చూసుకోకపోతే ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందో కూడా చూడాలి.

గోవా వెళ్తున్నారా? ఇవి గుర్తుంచుకోండి

- రైలు: సికింద్రాబాద్–వాస్కో ఎక్స్‌ప్రెస్ 2024 అక్టోబర్‌లో మొదలైంది. వారానికి రెండు రోజులు, బుధ, శుక్రవారాల్లో బయల్దేరుతుంది. దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు కాచిగూడలో ఎక్కడం దగ్గర. వెళ్లే ముందు టైమింగ్స్ చెక్ చేసుకోండి.
- విమానం: గోవాలో రెండు ఎయిర్‌పోర్టులు. బాగా, అంజునా వైపు వెళ్లేవాళ్లకు ఉత్తరాన ఉన్న మోపా అనుకూలం. 2023 జనవరిలో విమానాలు మొదలైన ఈ ఎయిర్‌పోర్టును నడిపేది శంషాబాద్ ఎయిర్‌పోర్టు నడిపే జీఎంఆర్ గ్రూపే. దక్షిణ గోవాకైతే దబోలిమ్.
- క్లబ్‌లోకి వెళ్లగానే: బయటికి ఎన్ని దారులున్నాయో చూడండి. ఒక్కటే ఇరుకు దారి ఉండి లోపల జనం కిక్కిరిసి ఉంటే, ఎంట్రీ డబ్బులు పోయినా పర్లేదు, బయటికి వచ్చేయండి. లోపల నిప్పురవ్వలతో షో మొదలైతే అసలు ఉండొద్దు.
- బీచ్‌లో మందు, వంట: బహిరంగంగా తాగడం, పర్యాటక ప్రాంతాల్లో వంట చేయడం నేరం. భారీ జరిమానా పడుతుంది.
- సముద్రం: జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈతకు దిగొద్దు. మిగతా రోజుల్లోనూ ఎర్రజెండా ఉన్న చోట, లైఫ్‌గార్డ్ లేని చోట దిగకండి. తాగి నీళ్లలోకి వెళ్లొద్దు.

ముందు ఏం జరగొచ్చు?

గోవా ప్రభుత్వం కొంతకాలంగా బీచ్‌కు అవతల ఉన్న గోవాను చూపించే పనిలో ఉంది. పల్లెల్లో హోమ్‌స్టేలు, గుళ్లు, చర్చిలు, జలపాతాలు, వానాకాలం టూర్లు ఇందులో భాగం. షాక్‌లలో గోవా వంటలు తప్పనిసరి చేసింది. ఇవి కొత్త పర్యాటకులను తీసుకురావొచ్చు. కానీ బాగా–వాగటోర్ బెల్ట్ భవిష్యత్తు తేలేది పాత ప్రశ్నల దగ్గరే. లైసెన్స్ లేని క్లబ్‌ను ప్రమాదం జరగకముందే మూయిస్తారా? పది తర్వాత సౌండ్ నిజంగా తగ్గుతుందా? పనిచేసే కుర్రాడికి మంటలొస్తే బయటపడే దారి ఉంటుందా?

గోవాకు జనం రావడం ఆగలేదు. వచ్చినవాళ్లు, వారికి వడ్డించినవాళ్లు కూడా క్షేమంగా ఇంటికి చేరితేనే ఆ ఊరి పేరు నిలబడుతుంది.